నేస్తం తెచ్చిన రాళ్ళు

సోములమ్మకు టీ ఇవ్వడమంటే నాకు ఒళ్ళుమంటగా ఉండేది. గ్లాసు చేతికి అందేసరికి గుమ్మంలో ఉండేది, ఊదుకుని ఒక గుక్క తాగేసరికి రోడ్డు మీద ఉండేది. ఖాళీ గ్లాసు ఎవరో పిల్లలు మర్నాడు తెచ్చిచ్చేవారు. నేనీ ఊరి బడికి టీచరుగా వచ్చి ఇరవై ఒక్క ఏళ్ళయింది. రెండేళ్ళు పనిచేసి పార్వతీపురం బదిలీ చేయించుకుని పోదామని వచ్చినదాన్ని, ఇక్కడే పాతుకుపోయాను. కుదురుగా కూర్చోలేని వాళ్ళు నాకు కొత్త కాదు, నా క్లాసు నిండా వాళ్ళే. అయినా మొన్నటిదాకా ఏడాదిన్నరపాటు సోములమ్మ తిరిగినట్టు కాలుగాలిన పిల్లి కూడా తిరిగి ఉండదు. ఆ తిరుగుడు ఎందుకో చెప్తాను. అందులో నా తెలివితక్కువతనం కూడా కొంత ఉంది.

సోములమ్మది కొండదొరల ఇల్లు. అరకు సంతకు ఆరు కిలోమీటర్ల పైన, కాఫీ తోటల మధ్య మా ఊరు. ఆమె భర్త గాసి ఎనిమిదేళ్ళ కిందట మిరియాలు కోస్తూ సిల్వర్ ఓక్ చెట్టు మీంచి పడి చనిపోయాడు. ఒక్క కూతుర్నీ కొయ్యూరు వైపు ఇచ్చింది. ఆమెకు మిగిలినవి రెండు గదుల ఇల్లు, అరెకరం కాఫీ, కొండవాలు మీద మెట్లు మెట్లుగా దిగే పొలం. ఆ పొలం గట్లన్నీ ఒట్టి రాళ్ళతో పేర్చినవే, సిమెంటు చుక్క లేదు. వాళ్ళ నాన్న దగ్గర నేర్చుకున్న పని అది. ఏ రాయి ఏ రాయి మీద కూర్చుంటుందో దూరం నుంచి చూసి చెప్పేస్తుంది. ఉపాధి పనుల కింద గట్లు కట్టించడానికి వచ్చిన కుర్ర ఇంజనీరు టేపు చుట్టి జేబులో పెట్టుకుని ఆమె వెనకాల తిరిగేవాడు. రాళ్ళ మధ్య అక్కడక్కడ చెయ్యి దూరేంత సందు వదిలేది. ఎందుకని ఒకసారి అడిగాను.

"నీటికి దారిచ్చీసినావంటే ఎల్లిపోద్ది టీచరమ్మా. ఇవ్వకపోతే గట్టునే పట్టుకుపోద్ది," అంది.

ఆ మాట నాకు ఎంత నచ్చిందంటే, ఐదో తరగతి బోర్డు మీద రాసి పిల్లలందరిచేతా చదివించాను.

ఇక నూకరత్నం. ఆమె సోములమ్మకు నేస్తం. పట్నంలో ఫ్రెండు అన్నట్టు కాదు, ఇక్కడ నేస్తం కట్టుకోవడమంటే పెళ్ళంత పని. పాతికేళ్ళ కిందట శుక్రవారం సంతలో వీళ్ళ పరిచయం. ఈమె చోళ్ళని మేమనే రాగులు, పసుపు తీసుకెళ్ళేది. ఆమె భీమిలి రోడ్డు మీది చేపలపేట నుంచి ఎండు నెత్తళ్ళు తెచ్చేది. సరుకుకు సరుకు మార్చుకునేవాళ్ళు. ఒక వానాకాలం ఘాట్ రోడ్డు తెగిపోయి నూకరత్నం తొమ్మిది రోజులు సోములమ్మ ఇంట్లోనే ఉండిపోయింది. పదో రోజు ఊరి పెద్దలు సంకుదేవుడి రాయి ముందు ఇద్దర్నీ కూర్చోబెట్టి, ఒకరి దోసిట్లో ఉప్పు, ఒకరి దోసిట్లో పసుపు పోసి, ఇద్దరిచేతా మార్పించారు. ఆనాటి నుంచి ఒకరి పేరు ఒకరు నోటితో అనకూడదు, నేస్తం అనే పిలుచుకోవాలి. ఏం జరిగినా ఒకరినొకరు మాట అనుకోకూడదు. అన్నిటికన్నా పెద్ద కట్టుబాటు ఇంకొకటి ఉంది. నేస్తం మోసుకుని తెచ్చింది ఏదైనా సరే, వద్దనకూడదు.

ఈ మూడో కట్టుబాటుతో నేను నవ్విన నవ్వులు ఇన్నీ అన్నీ కావు. నూకరత్నం తెచ్చిన గోడ గడియారం రోజుకు నలభై నిమిషాలు వెనక పడుతుంది. అది ఇప్పటికీ సోములమ్మ ఇంట్లో గోడకే ఉంది, ఆమె బడి మీటింగుకు వచ్చేసరికి మేం తాళం వేస్తుంటాం. సోములమ్మ ఇచ్చిన కొండ పుంజు పేటలో రెండేళ్ళపాటు ఇరుగుపొరుగు ఎండబెట్టుకున్న చేపలన్నీ తినేసింది. పేటంతా మీద పడ్డా నూకరత్నం దాన్ని కొయ్యలేదు, తిప్పి పంపలేదు. ఇద్దరికీ మతి లేదని నేను వాళ్ళ మొహం మీదే అన్నాను.

ఏడాదిన్నర కిందట సోములమ్మ నూకాలమ్మ పండక్కి పేటకు వెళ్ళొచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ ఆమెకు కుదురు లేదు. నూకరత్నం ఇంటి ముందు ఒకప్పుడు యాభై అడుగుల ఇసుక ఉండేది, ఇప్పుడు ఇరవై. గుమ్మానికి మూడు మెట్లుండేవి. పదేళ్ళ కిందట వేటకు వెళ్ళి తిరిగిరాని భర్త కట్టిన మెట్లవి. మొదటిది భూమిలోకి దిగిపోయింది, రెండోది సగం దిగింది. ఇసుక కప్పేసిందేమో అన్నాను. కాదు, నేలే దిగుతోంది, తలుపు కూడా ఒరిగి మూసుకోవడం లేదు అంది. వెనక్కి జరుగుదామంటే వెనక రోడ్డు. రోడ్డుకు అవతల, సముద్రం కనిపిస్తుందని జనం పోటీపడి కొనుక్కున్న ఫ్లాట్లు. వాళ్ళు సముద్రాన్ని చూస్తున్నారు సరే, సముద్రం కూడా వాళ్ళ వంకే చూస్తోందని ఎవరూ చెప్పినట్టు లేదు. ఆ ఫ్లాట్ల బోర్లు ఏటికేడు లోతుకు పోతున్నాయి, పేట బావి ఉప్పుదేలింది. కింది నీళ్ళు తోడేస్తే నేల కుంగుతుందనీ, అవతల సముద్రం పైకి లేస్తోందనీ, ఒడ్డున ఉన్న నగరాలకు రెండువైపులా దెబ్బేననీ పేపర్లో చదివింది ఆమెకు చెప్పాను. పేపరు చదివే వాళ్ళ పని అంతే, చెప్పి ఊరుకుంటాం.

నూకరత్నం బతుకంతా ఆ ఇరవై అడుగుల ఇసుక మీదే ఉంది. చేప ఆరాల్సింది దాని మీదే. పేటవాళ్ళకు ఊరికి దూరంగా మూడంతస్తుల ఇళ్ళు ఇస్తామంటే సగం మంది వెళ్ళిపోయారు. మూడో అంతస్తులో నెత్తళ్ళు మెట్ల మీద ఆరబెట్టుకోవాలా అని నూకరత్నం వెళ్ళలేదు. కొండ మీదికి, తన ఇంటికి వచ్చెయ్యమని సోములమ్మ పదిసార్లు పిలిచింది. పిలుపుకు కట్టుబాటు లేదు కాబట్టి ఆమె నవ్వేసి ఊరుకుంది.

అప్పుడు సోములమ్మకు ఆలోచన పుట్టింది. నీళ్ళంటే ఆమెకు తెలియనివా? వాలు మీద ఎంత వాన పడినా తన గట్టు కదల్లేదు. పేటలో ఎవరికీ గట్టు కట్టడం రాదు, అదీ వాళ్ళ కష్టం అని తీర్మానించుకుంది. నా దగ్గరికొచ్చి చెప్తే, భేష్ అన్నాను. సైన్సు పాఠాలు చెప్పే మనిషిని, ఆ భేష్ అన్నది నేనే.

నూకరత్నాన్ని ప్రతి శుక్రవారం సంతకు తెచ్చే వ్యాను వరహాలుది. పొద్దున్న చేపల గంపలతో వస్తుంది, సాయంత్రం దాదాపు ఖాళీగా దిగుతుంది. ఆ ఖాళీలో సోములమ్మ రాళ్ళెక్కించింది. ఎక్కడి రాళ్ళో కావు, తన పై మడి గట్టు విప్పి తీసినవి, వాళ్ళ నాన్న పేర్చినవి. సముద్రం దగ్గర దొరికే రాయి మీద ఆమెకు నమ్మకం లేదు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఇరవై రెండు శుక్రవారాలు ఇదే తంతు. "సేపలు దించి రాళ్ళెక్కిత్తన్నావేటప్పా, నా బ్రేకులు నీ గట్లంత గట్టివి కావు," అని వరహాలు ప్రతి వారం సణిగేవాడు, ప్రతి వారం తీసుకెళ్ళేవాడు. నూకరత్నం ఆ రాళ్ళ పక్కనే కూర్చుని వెళ్ళేది.

ఏప్రిల్‌లో సోములమ్మ పది రోజులు పేటలో ఉండి గోడ కట్టింది. గుమ్మానికి పన్నెండు అడుగుల ముందు, నడుమెత్తున, ఇంటి వెడల్పున. పేటలోకెల్లా పెద్దవాడు, ఎనభై ఏళ్ళ ఫల్గుణ, రోజూ వచ్చి పక్కన కూర్చుని చూసేవాడట. ఒకరోజు నోరు తెరిచి ఏదో అనబోతే నూకరత్నం అతన్ని ఒక్క చూపు చూసింది, అతను లేచి వెళ్ళిపోయాడు. ఈ సంగతి తిరిగొచ్చాక సోములమ్మే నాకు చెప్పింది. ముసలాయనకు కొండోళ్ళ పనంటే చిన్నచూపని కాస్త నొచ్చుకుంది. గోడ ఫోటో నా ఫోన్లో పెట్టుకుని బళ్ళో పిల్లలకు, పిల్లల తల్లులకు, ఆఖరికి మండల మీటింగులో తోటి టీచర్లకు కూడా చూపించాను. నా నోట్లో నువ్వుగింజ నానదు.

వానలు మొదలయ్యాయి. ప్రతి శుక్రవారం గోడెలా ఉందని సోములమ్మ అడిగేది. బాగుంది నేస్తం అని నూకరత్నం అనేది. గంప మాత్రం వారం వారం చిన్నదవుతూ వచ్చింది. వానాకాలం కదా అనుకున్నాం.

ఆగస్టు పదిహేను ఈసారి శుక్రవారం పడింది. జెండా ఎగరేసి, పిల్లలకు చాక్లెట్లు పంచి, నేనూ సోములమ్మా సంతకు దిగాం. నూకరత్నం గంప ముందు కూర్చోగానే సోములమ్మ అలవాటు ప్రకారం ఒక ఎండు నెత్తలి తీసి నోట్లో వేసుకుంది. నమిలింది. ఇంకొకటి వేసుకుంది. నూకరత్నం చేపలో పంటికింద ఎప్పుడూ సన్నటి ఇసుక తగులుతుంది, ఎంత కడిగినా పోదు. దాన్ని తిట్టుకుంటూనే మా ఊరంతా పాతికేళ్ళుగా తింటోంది. ఆ రోజు చేపలో ఇసుక లేదు.

 సోములమ్మ గంప ఖాళీ కాకుండానే లేపి, నూకరత్నాన్ని చెయ్యిపట్టుకుని వ్యాను దగ్గరికి తీసుకుపోయింది. రెండో చేత్తో నన్నూ లాక్కుపోయింది. అప్పటికి పదకొండు గంటలు. వరహాలు ఇంకా టిఫినే తినలేదన్నాడు. అతని మాట ఎవరూ వినలేదు. ఘాట్ రోడ్డు పొడుగునా ముగ్గురం ఒకే సీటు మీద కూర్చున్నాం. సోములమ్మ కాలు ఆడిస్తూనే ఉంది, ఆ వణుకు నా మోకాలి దాకా తెలుస్తోంది.

వెళ్ళేసరికి గోడ లేదు. రాళ్ళు ముందుకు బోర్లా పడి నీళ్ళలో ఉన్నాయి, అల వెనక్కి వెళ్ళినప్పుడల్లా ఒకదానికొకటి కొట్టుకుని దొర్లుతున్నాయి. ఇరవై అడుగుల ఇసుకలో ఒక్క అడుగు మిగల్లేదు. రెండో మెట్టు నీళ్ళలో ఉంది. గోడకు కొట్టుకున్న నీరు చివర్ల నుంచి తిరిగి, పక్కింటి నాగలక్ష్మి వంటగది మూల కోసేసింది. ఆమె నెల కిందటే మూడంతస్తుల ఇళ్ళకు వెళ్ళిపోయిందట. నూకరత్నం చేప కొనుక్కొచ్చి రోడ్డు మీద, వల పరిచి ఆరబెడుతోంది. ఆ మాటా మాకు ఫల్గుణే చెప్పాడు.

"రాయి పడిన కాడ ఇసక నిలబడదు తల్లీ," అన్నాడు సోములమ్మతో, నెమ్మదిగానే. "మీ కొండ నీరు ఎల్లిపోయే నీరు. ఇది ఎల్లి మల్లీ వచ్చే నీరు. గోడకి కొట్టుకుని, ఆ కోపానికి ఇసకంతా తోడుకుపోద్ది. ఆనాడే సెప్పుదునుగానీ ఈ గుంట నా నోరు మూయించింది."

సోములమ్మ తిరిగి చూసింది. "నీకు తెలుసా నేస్తం?"

"ఈ ఒడ్డున పుట్టినదాన్ని, తెలవకేటి," అంది నూకరత్నం.

"మరెందుకు సెప్పనేదు?"

"ఇరవై రెండు వారాలు మోసుకొచ్చినావు. నేస్తం తెచ్చింది వద్దంటానేటి."

 ఆ బోర్డూ, ఆ ఫోటో, ఆ భేషూ అన్నీ నాకు ఒక్కసారి గుర్తొచ్చాయి. సోములమ్మ మొహం నల్లబడిపోయింది. నేస్తాన్ని మాట అనకూడదు కదా, అందుకని నా వైపు తిరిగి నన్ను తిట్టింది. బుద్ధుందా నీకు టీచరమ్మా అంది. ఇల్లు మునిగిపోతుంటే మర్యాదలేటి అంది. ఒక్క మాట, ఒక్క మాట సెప్పుంటే రాళ్ళన్నీ నానే తిరిగి మోసుకుపోదును కదా, నా సేత్తోనే నీ కూడు తీసేసినానే, నానేటి సేసుకోను ఇప్పుడు అంది. ఏడుస్తూ తిట్టింది, తిడుతూ ఏడ్చింది. నూకరత్నం తలొంచుకుని ప్రతి మాటా విన్నది. నేను నిలబడి పడ్డాను. నాకు రావలసిన తిట్లు కూడా అందులో ఉన్నాయి, ఏవి ఎవరివో విడదీసుకోలేదు.

తిట్టడం అయ్యాక సోములమ్మ బొడ్లో దోపుకున్న తాళంచెవి తీసింది. తన ఇంటి తాళంచెవి. అది నూకరత్నం చేతిలో పెట్టి గుప్పిట మూసింది.

"ఇదీ నానే తెచ్చినాను. వద్దనకు," అంది.

నూకరత్నం వద్దనలేదు. మెళ్ళో దారానికి కట్టుకుంది. కొండ మీద భూమి మైదానం వాళ్ళ పేరు మీదికి రాకూడదని చట్టముంది, ఆ చట్టం లేకపోతే అరకులో ఈపాటికి కొండోళ్ళకు నిలబడే చోటు మిగిలేది కాదు. కానీ నేస్తం వసారాలో గంప దించుకోవడానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు. మా ఊరి పెద్దలను అడిగితే, దానికి అడగడమేంటన్నారు.

అయితే నూకరత్నం రాలేదు. కట్టుబాటు ప్రకారం వద్దనకూడదు, అంతే. తీసుకున్నది వాడి తీరాలని ఎక్కడుంది? తాళంచెవి మెళ్ళో వేసుకుని ప్రతి శుక్రవారం సంతకొచ్చేది, సాయంత్రం వరహాలు హారన్ కొట్టగానే లేచి వ్యానెక్కేది. గడిసినన్ని రోజులు గడవనీ నేస్తం అనేది. మూడో మెట్టు ఇంకా ఉంది కదా అనేది. ఇక్కడ సోములమ్మ తాళం పగలగొట్టి పారేసి, తలుపు ఊరికే దగ్గరకు వేసి తిరగడం మొదలుపెట్టింది. కోళ్ళు పోతాయే అని నేను మొత్తుకున్నా వినలేదు. ఆకాశం మబ్బు పట్టినా, రేడియోలో అల్పపీడనం అన్నా, ఆమె రోడ్డు మీద ఉండేది. నేను చెప్పిన టీ గ్లాసుల గొడవ మరీ ముదిరింది ఈ రోజుల్లోనే.

అక్టోబరు ఆఖర్న తుపాను వచ్చింది. మంగళవారం నుంచి నూకరత్నం ఫోను పలకలేదు. మాకూ గాలి, వానే, కాఫీ కొమ్మలు విరిగాయి. బుధ, గురువారాలు సోములమ్మ నా ఫోనుతో ఎన్నిసార్లు చేసిందో లెక్కలేదు. స్విచాఫ్ అని చెప్పే అమ్మాయి గొంతుకు ఎదురు సమాధానం కూడా చెప్పేది, కొంచెం కనుక్కుని చెప్పమ్మా అని. పేటకు పోదామని గురువారం బస్సుల కోసం వెళ్తే, ఘాట్‌లో చెట్లు పడి బస్సులు లేవు. ఎనిమిది కిలోమీటర్లు కిందికి నడిచి, చీకటి పడకముందు నేను పంపిన ఆటోలో తిరిగొచ్చింది.

శుక్రవారం సంత పలచగా ఉంది. వరహాలు వ్యాను పన్నెండింటికి వచ్చింది. నూకరత్నం దిగింది. తలమీద గంప ఉంది. సోములమ్మ పరుగున వెళ్ళి గంప అందుకుంది, బరువుకు చేతులు కిందికి జారాయి. దించి చూస్తే చేపల్లేవు. ఒక రాయి ఉంది. మా కొండ రాయి, ఒక పక్కంతా నాచు పట్టి ఉంది.

"సంతకి ఒట్టి సేతుల్తో ఎలా వస్తాను," అంది నూకరత్నం. "ఇదే మిగిలింది నేస్తం."

సోములమ్మ ఆ రాయి తీసుకుంది. వద్దనకూడదు కదా. దాన్ని ఒళ్ళో పెట్టుకుని గంప పక్కనే నేల మీద కూర్చుంది. మధ్యాహ్నమంతా ఇద్దరూ అలా కూర్చున్నారు, అమ్మడానికి ఏమీ లేకుండా. తెలియనివాళ్ళు ఒకరిద్దరు వచ్చి చేపల్లేవా అని అడిగి వెళ్ళారు. నాలుగింటికి వరహాలు హారన్ కొట్టాడు. నూకరత్నం లేవలేదు. రెండోసారి కొట్టాడు. తర్వాత దిగొచ్చి చూసి వెళ్ళిపోయాడు, వ్యాను ఒట్టిగా దిగింది. నేస్తం రావాలని ఏడాదిన్నర కాళ్ళరిగేలా తిరిగిన మనిషి, ఆ వ్యాను మలుపు తిరిగాక వెక్కి వెక్కి ఏడ్చింది. ఆమె రావడమంటే అక్కడ మూడో మెట్టు కూడా మిగల్లేదనేనని అప్పుడు నాకూ తెలిసింది.

మర్నాడు ఆ రాయిని పై మడి గట్టులో, తీసిన సందులోనే పెట్టింది సోములమ్మ. మిగతా గట్టు అలాగే తెరిచి ఉంది, ఎండల్లో కడతానంటోంది. ఇప్పుడు ఎక్కడికీ పోవడం లేదు. టీ ఇస్తే నా అరుగు మీద కూర్చుని చివరి చుక్క దాకా తాగుతుంది, గ్లాసు కడిగి మరీ ఇస్తుంది. నూకరత్నాన్ని కూర్చోబెట్టడమే నా వల్ల కావడం లేదు. చెవి పక్కన ఏదో ఆగిపోయినట్టుంది, ఇక్కడ ఇంత సద్దులేదేటి అంటుంది. గ్లాసు పట్టుకుని గుమ్మంలోకి వెళ్తుంది, అక్కణ్ణుంచి రోడ్డు మీదికి, రోడ్డు మీంచి సముద్రం ఉన్న తూర్పు కనిపించే మలుపు దాకా. ఖాళీ గ్లాసు ఎవరో పిల్లలు మర్నాడు తెచ్చిస్తారు.